మాసే ఎలుకబుట్టలు

శృంగవరపుకోట,
14 జూలై 2023

స్వర్ణా,

సోమవారం కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. నిన్న అమ్ము తన ఇంటికి తీసుకొచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాను. మూడు నెలలు రైలెక్కొద్దని డాక్టరు చెప్పాడు. ఫోన్‌లో నాకు సగం మాట పోతుంది. అమ్ము మధ్యలో నిలబడి అరిచి చెబితే మిగతా సగం కూడా పోతుంది. కూతురైనా అంతే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కిరండూల్ బండిలో టీ అమ్మే మన సంఘం జానీ వారానికోసారైనా ఇటు వస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

నువ్వు మా తమ్ముణ్ణి చేసుకుని ఆ కిరండూల్ క్వార్టర్‌కి వచ్చి రెండేళ్లయింది. పెరటి పని ఎప్పుడూ నీమీద పెట్టలేదు. ఇప్పుడు తప్పదు. వానలకి నాలా నిండగానే పందికొక్కులు గట్టెక్కి మన పెరట్లోకి వస్తాయి. ముందు చిలగడదుంప మడి మీద పడతాయి, తర్వాత మొక్కజొన్న. కంచె మొదట్లో గడ్డి పెరగనివ్వకు. గడ్డి ఉంటే దాని చాటున దారి చేసుకుంటాయి. కోళ్లకి వేసిన గింజలు సాయంత్రానికి ఊడ్చెయ్యి. కలుగు కనబడితే మట్టి కప్పి ఊరుకోకు, మర్నాడు పక్కన ఇంకోటి తవ్వుతాయి. మాసేకి చూపించు.

మాసే శనివారం మధ్యాహ్నం వస్తుంది. ఎలుకలు నడిచే దారి చూసి తన వెదురు బుట్టలు పెట్టుకుంటుంది. ఆదివారం పొద్దున మనం ప్రార్థనకి వెళ్లేలోగా వచ్చి పడ్డవి పట్టుకుపోతుంది. వాళ్లు తింటారు. నీకు నచ్చదని తెలుసు. నువ్వు చూడనక్కర్లేదు, వెనక తలుపు వేసుకో. వెళ్లేటప్పుడు ఒక సొరకాయో నాలుగు బీరకాయలో ఇయ్యి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పెరట్లో మందు పెట్టొద్దు. ఎంత పాడుచేసినా పెట్టొద్దు. ఆ మాట మీదే మాసే పన్నెండేళ్లుగా వస్తోంది.

వంటింటి కిటికీ కింద అల్లం వేశాను. ఇంకా మొలక రాలేదు, తొక్కేస్తారేమో చూడు.

రత్నమాల

*

కిరండూల్,
24 జూలై

వదిన గారికి స్వర్ణకుమారి నమస్కారాలు.

మీరు నడుస్తున్నారని తెలిసి ఇక్కడ ఇద్దరం సంతోషించాం. ఆయనకి ఈ నెలంతా రెండు డ్యూటీలు పడుతున్నాయి. ఇంటికి వచ్చి తిని పడుకోవడమే. పెరట్లో ఏముందో ఆయనకి తెలీదు. ఒకరోజు చిక్కుడు పాదు చూపించి "ఇది బీరా?" అని అడిగారు.

వాన ఆగడం లేదు. బట్టలు ఆరక ఇల్లంతా తాళ్లు కట్టాను. అల్లం మొలిచింది. మీరు చెప్పినట్టే అన్నీ చేస్తున్నాను. కంచె మొదట గడ్డి నేనే కోశాను, చేతులు బొబ్బలెక్కాయి. అయినా దుంపల మడిలో ఒక మూల అంతా తవ్వేశాయి.

మాసే వస్తోంది. పక్క క్వార్టర్‌లోకి కొత్తగా రాజ్యశ్రీ గారని దిగారు. మాసే బుట్టలు తీస్తుంటే కంచె మీద చేతులు పెట్టుకుని చూశారు. "ఏటండీ స్వర్ణగారూ, మీరు ఎలుకల్ని కూడా పండిస్తారా? వారం వారం కోతకొస్తున్నారు!" అన్నారు. ఆ వెనకాల ఇంకో ఇద్దరు నవ్వేరు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మాసే మాత్రం ఒకదాన్ని తోక పట్టుకుని ఎత్తి "నీకూ ఒకటి కావాలా బాయి?" అంది. ఆవిడ లోపలికి పరిగెత్తేరు.

మీకు నవ్వొస్తుందేమో. ఇక్కడ ఉండేది నేను.

మందులు వేళకి వేసుకోండి. అమ్ముకి ప్రేమతో.

స్వర్ణకుమారి

*

శృంగవరపుకోట,
2 ఆగస్టు

స్వర్ణా,

నీ ఉత్తరం అమ్ముకి చదివి వినిపించాను. "నీకూ కావాలా బాయి" దగ్గర ఇద్దరం నవ్వాం. నీకు కష్టం కలిగింది, కాదనను. రాజ్యశ్రీ పెరట్లో దుంపలు పోయినరోజు ఆవిడే మాసేని కేకేస్తుంది, చూస్తూ ఉండు.

మందు ఎందుకు వద్దన్నానో నీకు సరిగ్గా చెప్పలేదు. మీ అన్నయ్య పోయాక తమ్ముడు నన్ను అక్కడికి తీసుకొచ్చిన ఏడే ఆ పెరడు తవ్వాను. ఎలుకలు పడితే బజార్లో నీలం బిళ్లలు కొని కలుగుల్లో వేశాను. మాసే కట్టెల మోపుతో పోతూ చూసింది. మోపు కింద పడేసి కంచె దూకి వచ్చింది. అప్పటికి దానికీ నాకూ పరిచయం లేదు. "దీదీ, ఈ దవాయి తిన్నది ఈరోజు చావదు. మూడు దినాలు, నాలుగు దినాలు తిరుగుతాది. బాగానే కనబడతాది. మా వాళ్లు నాలా ఒడ్డున పట్టుకుని కాల్చుకుంటారు" అంది. బిళ్లలన్నీ దాని చేత్తోనే ఏరింది. తర్వాత అంది, "చూహా నాకు, బాడీ నీకు. దవాయి వెయ్యకు, నేను చూసుకుంటా." వాళ్ల మాటలో చూహా అంటే ఎలుక, బాడీ అంటే పెరడు. మా మధ్య ఒప్పందం అంతే. ఇన్నేళ్లలో ఇద్దరిలో ఎవరం దాటలేదు.

కాబట్టి చచ్చినవే విషం అనుకోకూడదు. తిరుగుతున్నదాంట్లోనూ ఉంటుంది.

దుంపల మూల తవ్వితే మిగతావి ఆగకుండా పీకెయ్యి. చిన్నవైనా పరవాలేదు. ఆ మడిలో మెంతి చల్లు.

మెట్టు ఒకటి ఎక్కాను.

రత్నమాల

*

కిరండూల్,
12 ఆగస్టు

వదిన గారికి,

ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. మీకు మాసే అంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. కానీ మీరు లేనప్పుడు మనిషి వేరు.

శనివారం రమ్మంటే ఒకోసారి వస్తుంది, ఒకోసారి రాదు. వచ్చినా బుట్టలు రెండు పెట్టి వెళ్లిపోతుంది. మీరు దుంపలు పీకమన్నారు కదా. నేను పీకడానికి వెళ్లేసరికి సగం మడి ఖాళీ. ఎలుక తవ్వితే మట్టి చెదిరి ఉంటుంది, కొరికిన ముక్కలుంటాయి. ఇక్కడ గునపంతో తవ్వినట్టు గుంటలున్నాయి. ఆ ముందురోజు మాసే తన కూతురు జోగేని తీసుకొచ్చింది, బుట్టలకి పైన గుడ్డ కప్పి తీసుకుపోయింది. నేను కళ్లతో చూడలేదు. చూడంది చెప్పకూడదు. మీరే ఆలోచించండి.

అడిగితే "దీదీ వచ్చాక దీదీతో మాటాడతా" అంది. అంటే నేను ఈ ఇంట్లో ఎవర్ని వదినా?

ఆయనకి చెప్పలేదు. మీ మాట కావాలి నాకు. ఆమెని రావద్దని చెప్పమంటే చెప్తాను.

స్వర్ణకుమారి

*

శృంగవరపుకోట,
18 ఆగస్టు

స్వర్ణా,

రెండుసార్లు చదివాను. నమ్మబుద్ధి కాలేదు. గుడ్డ కప్పుకుని పోవడం మాసే ఎప్పుడూ చెయ్యలేదు. కావాలంటే అడిగి తీసుకునేది. అడక్కపోయినా తీసుకో అనేదాన్ని. పన్నెండేళ్లు వెనక తలుపు తాళం లేకుండా వదిలాను.

కానీ నువ్వెందుకు లేనిది రాస్తావు. రెండేళ్లలో నువ్వు నాతో అబద్ధమాడింది లేదు.

అడిగినా బాగుండేది. చాటుగా తీయడమే నాకు కష్టంగా ఉంది. రావద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు, నీమీద పెట్టుకోకు. ఇల్లు నీది. ఇకమీద పెరటి విషయం నీకు ఎలా తోస్తే అలా చెయ్యి. నన్నడగొద్దు.

కాలు వాచింది. ఎక్కువ రాయలేను.

రత్నమాల

*

కిరండూల్,
4 సెప్టెంబరు

వదిన గారికి ప్రేమతో,

మీ కాలు వాపు తగ్గిందా? వేడినీళ్ల కాపడం పెడుతున్నారా?

పెరడు మీరు చూస్తే గుర్తుపట్టరు. ఒక్క ఎలుక లేదు. చిక్కుడు విరగ్గాసింది. జానీ చేతికి సంచీడు ఇస్తున్నాను, మీరూ అమ్మూ వండుకోండి. మెంతి రెండు కోతలు కోశాను. రాజ్యశ్రీ గారు వచ్చి కూర అడిగి పట్టుకెళ్లారు. పెరడంతా తిరిగి చూసి "ఇప్పుడు ఇల్లులా ఉంది" అన్నారు. ఆయన కూడా మొన్న కుర్చీ వేసుకుని అక్కడే టీ తాగారు.

మాసేకి మీ మాట చెప్పాను. బుట్టలు తీసుకుని వెళ్లిపోయింది.

ఇంకేం విశేషాలు లేవు. బండి నిన్న దంతెవాడ వరకే వచ్చింది, లైను మీద మట్టి పడిందట.

స్వర్ణకుమారి

*

శృంగవరపుకోట,
9 సెప్టెంబరు

స్వర్ణా,

చిక్కుళ్లు అందాయి. సంచి ఇస్తూ జానీ అడిగాడు, "మాసే ఇంట్లో సంగతి మీకు తెలీదా అమ్మా?" అని. తెలీదన్నాను. అతను చెప్పింది ఇది.

మాసే మొగుడు లక్మా దంతెవాడ ఆసుపత్రిలో పడి ఉన్నాడు. ముక్కులోంచి, చిగుళ్లలోంచి రక్తం ఆగడం లేదు. డాక్టర్లు ఇది ఎలుకల మందు అన్నారట. లక్మా అన్న కోస ఠాణాకి వెళ్లి, మరదలే తిండిలో పెట్టిందని చెప్పాడట. పోలీసులు మన క్వార్టర్‌కి కూడా వచ్చారట, మాసే మన ఇంటికి వచ్చిపోతుంది కనుక. తమ్ముడు గుమ్మంలో నిలబడి "మా ఇంట మందు ఎప్పుడూ లేదు సార్, మా అప్ప పెట్టనివ్వదు" అన్నాడట. జానీ అప్పుడు అక్కడే ఉన్నాడు. నువ్వు తమ్ముడి వెనకే నిలబడి ఉన్నావని చెప్పాడు.

ఇంకేం విశేషాలు లేవని నాకు రాశావు.

పెరట్లో ఒక్క ఎలుక లేదన్నావు. నాలా పక్కన, సెప్టెంబరులో, బుట్టలు లేకుండా. ఆ పెరడు నాకు తెలుసు.

మందు పెట్టావా? ఒక్క మాటలో రాయి. ఈ బండికే పంపు.

రత్నమాల

*

కిరండూల్,
15 సెప్టెంబరు

వదినా,

పెట్టాను. మీ దగ్గర దాచి ఏం లాభం.

కానీ మీరే రాశారు, ఎలా తోస్తే అలా చెయ్యి, నన్నడగొద్దు అని. ఆ ఉత్తరం ఇక్కడే ఉంది. అది అందాకే పెట్టాను. ఆగస్టు ఇరవై ఒకటిన జానీ ఇచ్చాడు, ఆ సాయంత్రం బిళ్లలు తెచ్చాను. చచ్చినవి నేనే చీపురుతో ఎత్తి గొయ్యి తీసి పూడ్చాను. ఒక్కటి కూడా మాసేకి ఇవ్వలేదు. తర్వాత ఒక శనివారమో రెండు శనివారాలో తనే వచ్చి బుట్టలు పెట్టుకుంది. బతికున్నవి పట్టుకుపోయింది. బతికున్న ఎలుకలో విషం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

పోలీసులు వచ్చినప్పుడు ఆయనకి నిజంగా తెలీదు. ఆయన అలా అనేశాక నేనేం చెప్పగలను? ఇప్పుడు మాట మారిస్తే ఆయన అబద్ధం చెప్పినట్టవుతుంది. సర్కారు క్వార్టర్, సర్కారు ఉద్యోగం. మీ తమ్ముడు వదినా. పన్నెండేళ్లు మిమ్మల్ని చూసుకున్న మనిషి.

లక్మాకి తగ్గుతోందని విన్నాను. తగ్గితే కోస కూడా ఊరుకుంటాడు. వాళ్లలో వాళ్లకి ఎప్పుడూ ఉండే గొడవే. మనం మధ్యలోకి వెళ్లకపోతే దానంతట అదే సర్దుకుంటుంది.

ఈ ఉత్తరం చింపెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

స్వర్ణ

*

దంతెవాడ,
22 సెప్టెంబరు

స్వర్ణా,

చింపలేదు. నిన్న బండికి అమ్మునీ చేతికర్రనీ పట్టుకుని వచ్చాను. ఇక్కడ పాస్టరు గారింట్లో ఉన్నాం. తమ్ముడికి నేను రాలేదని కబురు పెట్టకు, వచ్చానని చెప్పు.

బతికున్న ఎలుకలో విషం ఉంటుందని ఎలా తెలుస్తుంది అన్నావు. ఆగస్టు రెండున నేనే రాశాను. అందలేదనకు, అందులో పీకమన్న దుంపల గురించి నువ్వు జవాబిచ్చావు. పోతే, రావద్దని చెప్పిన మనిషి ఆ తర్వాత శనివారాలు ఎలా వచ్చింది? ఇవి దారిలో ఆలోచించుకున్నాను. పన్నెండు గంటల దారి, చాలినంత టైముంది.

పొద్దున ముందు ఠాణాకి వెళ్లాను. నాకు వినబడేలా అడగడానికి సిపాయి గట్టిగా అరిచాడు, బయటున్న వాళ్లంతా విన్నారు. మా ఇంటి పెరట్లో మందు పెట్టారు, మా పెరటి ఎలుకలే వాళ్లు తిన్నారు, మాసేకి మందు సంగతి తెలీదు అని వాంగ్మూలం ఇచ్చాను. నీ పదిహేనో తారీకు ఉత్తరం ఇచ్చాను. తమ్ముడికి తెలియదని కూడా రాయించాను. అది నిజమే కాబట్టి రాయించాను.

ఆ తర్వాత ఆసుపత్రికి. లక్మా గోడవైపు తిరిగి పడుకున్నాడు. తగ్గుతోందని విన్నావు కదా. నిన్న మళ్లీ రక్తం ఎక్కించారు. మాసే మంచం పక్కన నేలమీద కూచుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ లేచేది. నేను కింద కూచోలేను, మోకాలు వంగదు. అందుకని పైనుంచే మాట్లాడాల్సి వచ్చింది.

"నువ్వు కాయితం మీద రాసి పంపావంట, మాసే రావద్దని," అంది. "చిన్నమ్మ చదివి చెప్పింది."

రాశానన్నాను.

"దుంపలు తీశానని రాశావంట."

రాశానన్నాను.

"పన్నెండు బరసాతులు. నీ దుంప నేను తీశానా దీదీ?"

లేదన్నాను. ఠాణాలో చెప్పి వచ్చాను, నీమీద కేసు ఉండదు అన్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట వద్దు. ఒకటి చెప్పు. ఏ శనివారం నుంచి?"

ఎందుకంటే ఆ ఇంట్లో మాంసం ముందు మొగుడికీ పిల్లలకీ పెట్టి, మిగిలితే మాసే తింటుంది. లక్మా ఎక్కువ తిన్నాడు, ముందు పడ్డాడు. జోగేకి పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది. తొమ్మిదేళ్ల పిల్ల. దాని తర్వాత ఇంకొకడున్నాడు. ఎన్నాళ్లు తిన్నారో తెలిస్తే ఎన్నాళ్లు సూదులు వెయ్యాలో చెబుతామని డాక్టరు అన్నాడు. మాసే రోజూ వేళ్ల మీద లెక్కపెడుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక.

నువ్వు రాసినట్టు ఆగస్టు ఇరవై ఒకటి అని చెప్పబోయాను. సిస్టరు దగ్గర కాగితం ఉంది. లక్మా ముక్కులోంచి మొదటిసారి రక్తం వచ్చింది ఆగస్టు మొదటివారంలో. నోరు మూసుకున్నాను.

నేను నిన్ను ఇంకేమీ అడగను. నీ కారణాలు నాకొద్దు. ఏ శనివారం నుంచో రాయి. జానీ ఎల్లుండి కిరండూల్ నుంచి దిగుతాడు. నేను స్టేషన్‌లో ఉంటాను.

రత్నమాల

*

కిరండూల్,
24 సెప్టెంబరు

వదిన గారికి,

ఈ ఉత్తరం ఆయన ముందు కూచుని రాస్తున్నాను. మీరు పంపినవీ ఆయన చదివారు. పాస్టరు గారిల్లు ఎక్కడో కనుక్కుని తనే దంతెవాడ వస్తానన్నారు. ముందు ఇది రాయమన్నారు.

మీరు జూలై ఐదున బండెక్కారు. నేను ఆరున, గురువారం, బిళ్లలు పెట్టాను. మందు పెట్టొద్దన్న మీ మొదటి ఉత్తరం వచ్చేసరికే పెట్టేసి ఉన్నాను. మీరు వెళ్లగానే ఎలుకలు లేకుండా చేసేస్తే మాసేకి రావాల్సిన పని ఉండదనుకున్నాను. రాజ్యశ్రీ గారు నవ్వడానికి ముందే అనుకున్నాను.

ఆగస్టు రెండో తారీకున మీరు రాసిన ఉత్తరం చదివాక బిళ్లలు ఏరుదామని వెళ్లాను. సగం కలుగుల లోపలికి పోయాయి, చేతికి రాలేదు. మాసేకి చెప్పేస్తే మీకు తెలుస్తుంది. చెప్పకుండా ఆపాలంటే ఆమె రావడం మానాలి. నేను మానమంటే మానదు, మీరంటేనే మానుతుంది. అందుకని దుంపల సంగతి రాశాను. గునపంతో నేనే తవ్వాను. మీ జవాబు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆలోగా ఇంకో రెండు శనివారాలు వచ్చింది. ఒకసారి వెనక తలుపు గడియ వేశాను. కంచె దగ్గర నుంచే బుట్టలు పెట్టుకుపోయింది.

జూలై ఎనిమిది నుంచి ఆగస్టు పంతొమ్మిది దాకా. ఏడు శనివారాలు. ఒక్కటి కూడా మానలేదు. ఒకోసారి రాదని మీకు రాసింది అబద్ధం.

మొదటి ఆదివారం ఏడు పడ్డాయి. జోగే కూడా వచ్చింది ఆ రోజు. మాసే బుట్టలు విప్పి నాకు చూపించి "బాగా బలిసినాయి చిన్నమ్మా, దీదీ ఉంటే సంతోషపడేది" అంది. పాప ఒకటి పట్టుకుని నా వైపు చూసి నవ్వింది. నేను గుమ్మంలో నిలబడి, మంచివి చూసి పట్టుకుపొమ్మన్నాను.

స్వర్ణకుమారి